నీళ్ళకన్నా ముందు వచ్చిన వార్త

మా మండలానికి కొత్తగా వచ్చిన విలేకరి, చిన్న వయసమ్మాయి, మొన్న మా ఇంటికొచ్చి, "సార్, ఈ పనిలో ముఖ్యంగా ఏం చూసుకోవాలి?" అని అడిగింది. చెప్పులు అన్నాను. నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఒక తెలుగు దినపత్రికకు మండల విలేకరిగా ఉన్నాను. ఏటిగట్టు దిగి, పడవెక్కి, కళ్ళతో చూసి రాసిన వార్తలున్నాయి. గట్టు మీద టీకొట్టులో కూర్చుని చెవులతో రాసినవీ ఉన్నాయి. చెవులతో రాసిన ఒక్క వాక్యం ఎంత పని చేసిందో చెప్పడానికే ఇదంతా.

ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. బడి పెద్దగా బాధపడినట్టు లేదు, కబురేమీ పెట్టలేదు. రావులపాలెం సెంటర్లో పేపరు కట్టలు దింపుకుని సైకిలు మీద ఊళ్ళకు వేసేవాణ్ణి. ఎలాగూ ఊళ్ళు తిరుగుతున్నావు కదా, వార్తలు కూడా పంపు అన్నారు పేపరువాళ్ళు. పంపాను. అంటే నిన్న నేను రాసిన వార్తను ఇవాళ నేనే మోసుకెళ్ళి, దాన్ని చదివి తిట్టేవాడి గుమ్మం ముందే నిలబడేవాణ్ణి. ఈ సదుపాయం ఏ ఎడిటరుకూ లేదు.

గుంత పక్కవాడికి గుంత వార్త

కొత్తగా చేరేవాళ్ళు ముందు తెలుసుకోవలసింది జోన్ పేజీ గురించి. రావులపాలెం వైపు వార్త రావులపాలెం వైపు పంచే పేపర్లోనే వస్తుంది. అదే రోజు అదే పేరుతో అమలాపురంలో పంచే పేపర్లో ఆ చోట వేరే వార్త ఉంటుంది. రాజమండ్రిలో ఇంకోటి. చదివేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మా రోడ్డు మీద గుంత ఫొటోతో సహా పేపర్లో పడితే, ఇక రాజమండ్రిలో పెద్దాఫీసరు చదివి పరిగెత్తుకొస్తాడని మావాళ్ళు ఎదురుచూసేవారు. ఆఫీసరు గారింటికి వెళ్ళిన పేపర్లో ఆ గుంత లేదు. గుంతలో పడ్డవాడికి గుంత ఉందని చెప్పడానికే మేమంతా అంత కష్టపడ్డాం.

అటునుంచి ఇటు మాత్రం ధారాళంగా వస్తుంది. హైదరాబాదులో ఏ ఫ్లైఓవరు కింద కార్లు ఆగిపోయాయో లంక రేవులో పడవ కోసం నిలబడ్డవాడికి తెలుస్తుంది. ఆ పడవ పొద్దుటినుంచి రాలేదని హైదరాబాదుకు తెలియదు. దీన్ని సమాచార విప్లవం అన్నారు. సరే.

ఇటునుంచి అటు వెళ్ళే వార్త ఒక్కటుంది. వరద రోజుల్లో రాజమండ్రి డెస్కు ఇన్‌చార్జి మూర్తి గారు ఫోన్ చేసేవారు.

"ఏవయ్యా, ఏంటి సంగతులు?"

"రేవులంక కాజ్‌వే మునిగిపోయిందండి. మనుషులు అవతలే ఉండిపోయేరు."

"సరేలే, జోన్‌లో చూద్దాం. యానాంలో పెద్ద పులస పడిందటగా! వేలంపాట ఎవరు పాడేరో కనుక్కో. మెయిన్ పేజీకి కావాలి."

"మరి లంకలో మనుషులండీ?"

"మనుషులు ప్రతి ఏడూ ఉంటారు కదయ్యా."

"పులసా ప్రతి ఏడూ వస్తుందండి."

"వస్తుంది. కానీ అది మెయిన్‌కి వస్తుంది."

చేప రాష్ట్రమంతా తిరిగొచ్చింది. మనుషులు మూడు మండలాలు దాటలేదు. మూర్తి గారు చెడ్డవారు కారు. నాకు వాక్యం రాయడం నేర్పింది ఆయనే. నా మొదటి వార్త చదివి, "ఇందులో ఎవరు చచ్చిపోయేరో, ఎవరు విచారం వ్యక్తం చేసేరో తెలియట్లేదు, ఇద్దర్నీ విడదియ్" అన్నారు. ఆ ఒక్క సలహాతో ఇన్నేళ్ళు బతికాను. కానీ ఆయన రేవులంకను ఎప్పుడూ చూడలేదు. చూడమని నేనూ గట్టిగా అడగలేదు.

మెట్ల భాష

రేవులంక గోదావరి పాయ మధ్యలో ఉన్న ఊరు. గట్టుకూ లంకకూ మధ్య ఒక కాజ్‌వే, అంటే ఏటికి అడ్డంగా వేసిన పల్లపు రోడ్డు. నీళ్ళు లేనప్పుడు నడిచిపోవచ్చు, ఉన్నప్పుడు పడవే. అక్కడ ఎలిమెంటరీ స్కూలు టీచరు రూతమ్మ గారు. లూథరన్ చర్చి పక్కనే ఇల్లు. చర్చి మైకు ఆవిడ చేతిలో ఉండేది. ఆరాధన వేళలు, చావు కబుర్లు, తప్పిపోయిన మేకలు, పోలియో చుక్కలు, అన్నీ ఆ మైకులోనే. నేను పేపరు ఇవ్వగానే ముఖ్యమైన నాలుగు వార్తలు ఆవిడ మైకులో చదివేవారు. నా పేపరుకు ఆ ఊళ్ళో నాలుగిళ్ళే చందాదారులు గానీ, శ్రోతలు ఊరంతా.

లంకవాళ్ళు వరదను అడుగుల్లో కొలవరు, మెట్లలో కొలుస్తారు. రేవుకు పన్నెండు మెట్లున్నాయి. పైనుంచి లెక్క. ఎనిమిదో మెట్టు మునిగితే కాజ్‌వే మీదకు నీళ్ళు. ఐదోది మునిగితే పల్లపు వీధిలోకి. మూడోది మునిగితే చర్చి గుమ్మంలోకి. చంటిపిల్లాడికి కూడా ఈ లెక్క వచ్చు. పేపర్లో మాత్రం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇన్ని అడుగులు, ఇన్ని లక్షల క్యూసెక్కులు అని వచ్చేది. నేను పేపరు ఇవ్వబోతే రూతమ్మ గారు అడిగేవారు.

"పేపరు గారూ, లక్షలు సరేనండి. ఏ మెట్టు దాకా వస్తుందండీ?"

"అది పేపర్లో రాయరండి."

"మరి మాకేసే పేపర్లో మాకు కావల్సింది రాయకపోతే, ఎవరికి రాస్తున్నట్టండీ?"

నేనేదో జోకేసి పడవెక్కేసేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఇప్పుడు తలుచుకుంటే, నా ఉద్యోగంలో సగం జవాబులు అలా జోకులే అయ్యాయి.

ఊపిరి పీల్చుకున్నారు

ఒక ఏడాది వరద వచ్చింది. రేవులంకవాళ్ళు ముందుజాగ్రత్తగా గేదెల్నీ ఆవుల్నీ కాజ్‌వే మీదుగా గట్టు మీదకు తోలుకొచ్చారు. గట్టు మీద వాన, మేత లేదు, దూడలు అరుస్తున్నాయి. ఎప్పుడెప్పుడు వెనక్కి తోలుకుపోదామా అని ఉన్నారు. ఆ సాయంత్రం బ్యారేజీ దగ్గర నీటిమట్టం తగ్గడం మొదలైంది. మూర్తి గారు ఫోన్ చేశారు.

"తగ్గుముఖం అని మెయిన్‌లో వెళ్తోందయ్యా. లంకల నుంచి ఒక ముక్క కావాలి. ఊపిరి పీల్చుకున్నారనో, ఏదో ఒకటి. తొందరగా పంపు."

అప్పుడు నేను గట్టు మీద టీకొట్టులో ఉన్నాను. లంక రెండు ఫర్లాంగుల దూరం. చేతిలో గ్లాసు ఉంది, పైన వాన ఉంది. లంకకు వెళ్ళలేదు, గట్టు మీదున్న లంకవాళ్ళనైనా అడగలేదు. "గోదావరి శాంతించడంతో లంక గ్రామాల ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు" అని ఫోన్లో చెప్పేశాను. ఒక్క లంకవాడి ఊపిరి కూడా నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ పేపరు నేనే పట్టుకెళ్ళి రూతమ్మ గారికిచ్చాను. ఆవిడ మైకులో చదివారు. నా వాక్యం కూడా చదివారు. చాలామంది, మెట్లు చూద్దాం ఉండండి అన్నారు. పదో మెట్టు దగ్గరుంది, నిన్నటిలాగే. సత్యానందం అనే రైతు మాత్రం, "పేపర్లో వేసేరు, టీచరు గారు చదివేరు, ఇంకేం కావాలి" అని గేదెల జతనూ దూడనూ ముందుగా లంకలోకి తోలుకొచ్చేశాడు. అతన్ని చూసి ఇంకో పది ఇళ్ళవాళ్ళు కదిలారు.

ఇక్కడ మా పత్రిక మొత్తానికి తెలియని విషయం ఒకటుంది. గోదావరి ధవళేశ్వరం దగ్గర అయిపోదు. బ్యారేజీ దగ్గర తగ్గిన నీళ్ళు మాయమైపోలేదు, కిందికి బయల్దేరాయి. మా లంక దాకా రావడానికి వాటికి ఒక పూట పైగా పడుతుంది. ఆ రోజు అమావాస్య పోటు కూడా ఉంది. పోటు మీదున్న సముద్రం వరదనీళ్ళు తీసుకోదు, నిలబెట్టేస్తుంది. అంటే బ్యారేజీ దగ్గర తగ్గిందన్న వార్త రాజమండ్రి వెళ్ళి, అచ్చయ్యి, వ్యానెక్కి, సైకిలెక్కి మా లంకకు చేరింది. నీళ్ళు ఇంకా దార్లోనే ఉన్నాయి. వరద తగ్గిందన్న వార్త వరదకన్నా ముందు వచ్చింది.

మధ్యాహ్నానికి ఎనిమిదో మెట్టు మునిగింది. కాజ్‌వే పోయింది. సాయంత్రానికి నాలుగోది, రాత్రికి మూడోది. సత్యానందం పాక పల్లపు వీధి చివర. గేదెల కట్లు విప్పబోయి ప్రవాహంలో పడి, కొబ్బరిచెట్టు పట్టుకుని, పడవ వచ్చేదాకా అలాగే ఉన్నాడు. అతను బతికాడు. గేదెలు రెండూ, దూడా పోయాయి. మిగతావాళ్ళవీ కొన్ని పోయాయి.

నీళ్ళు తీశాక లంకకు వెళ్ళాను. రూతమ్మ గారు చర్చి గుమ్మంలో బురద ఎత్తిపోస్తున్నారు. తలెత్తి చూశారు.

"ఆ పేపరు ఏ గోదారి గురించి రాసిందండీ?"

ఇంకో తట్ట బురద ఎత్తిపోసి మళ్ళీ అడిగారు.

"రాజమండ్రి గోదారి తగ్గితే తగ్గిందన్నారు, బాగుంది. మా గోదారి ఇంకా దార్లో ఉందని ఎవరూ రాయలేదేంటండీ? పైగా మేం ఊపిరి పీల్చుకున్నామంట. ఎవరండీ చూసింది?"

"డెస్కువాళ్ళు రాసేరండి," అన్నాను.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాల్లో ఇది చాలా చిన్నది. రెండే రెండు మాటలు. సత్యానందం అక్కడే పార పట్టుకుని ఉన్నాడు. నా వంక చూడలేదు, ఆవిడ వంక చూశాడు. "ఎవరు రాసేరో మాకేం తెలుస్తుందండీ. మేం విన్నది మీ నోటమ్మట కదండీ," అన్నాడు.

ఆ రోజు తర్వాత రూతమ్మ గారు మైకులో వార్తలు చదవలేదు. బైబిలు వాక్యమూ, చావు కబురూ, అంతే. చదివినా వినేవాళ్ళు లేరు. తప్పు రాసింది నేను. నమ్మకం పోగొట్టుకుంది ఆవిడ.

క్యాలెండరు

మానడం ఆవిడకు చేతకాదు. చర్చి క్యాలెండరు మీద రాయడం మొదలుపెట్టారు. వరద వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేసి, బ్యారేజీ దగ్గర ఎన్ని అడుగులు, ఏ టైముకి అని అడిగేవారు. తర్వాత రేవులో ఏ మెట్టు, ఏ టైముకి అని వేసుకునేవారు. పక్కన చంద్రుడి గుర్తు. ఏటేటా పాత క్యాలెండర్లు పారేయకుండా దాచారు. కొన్నేళ్ళకు లెక్క తేలింది. బ్యారేజీ దగ్గర ఇంత ఉంటే ఎంతసేపటికి ఏ మెట్టు, పోటుంటే ఇంకో మెట్టు పైకి. ఒక కాగితం మీద పన్నెండు గీతలు. అంతే. ఎనిమిదీ పూర్తికాని నాకే అర్థమైంది.

ఆ కాగితం పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. మూర్తి గారు కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"మెట్లేంటయ్యా? పాఠకులకి అర్థం కాదు."

"క్యూసెక్కులు అర్థమవుతాయాండీ?"

"అర్థం కావు. కానీ గౌరవంగా ఉంటాయి."

"ఒక్క మా జోన్‌లో వేయండి చాలండి."

"ఒక్క లంక మెట్ల కోసం జోన్ మార్చమంటావా! రేపు ఇంకో లంకవాడు మా మెట్లేవీ అంటాడు."

"అనాలండి. అందరూ అనాలి."

వేశారు. నాలుగో పేజీలో అడుగున ఒక వాక్యం. "లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలని అధికారులు సూచించారు." మెట్లన్నీ కలిసి ఇలా తయారయ్యాయి. అప్రమత్తంగా ఉండటమంటే ఏం చేయాలో నాకిప్పటికీ తెలియదు. కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చోవాలా? ఈ మాట రాసే ప్రతి విలేకరినీ ఒక గేదెతో సహా లంకలో వదిలి, ఇప్పుడు అప్రమత్తంగా ఉండండి చూద్దాం అనాలనిపిస్తుంది.

కోపం పత్రికల మీదే కాదు. ఆఫీసుల్లోనూ ఇదే భాష. కింద నుంచి వెళ్ళిన సంగతి పైకి ఎక్కేకొద్దీ ఆకారం పోగొట్టుకుంటుంది. గేదె వెళ్తుంది, "పశునష్టం" అయి తిరిగొస్తుంది. మీరు రాసే వార్త ఎవరి చేత ఏ పని చేయించాలో ముందు అనుకోండి. ఎవరిచేతా ఏ పనీ చేయించనిదైతే టీ తాగడం మేలు. టీ వల్ల గేదెలు పోవు.

ఫోన్లొచ్చాక

ఇప్పుడు ప్రతివాడి చేతిలో ఫోనుంది కాబట్టి ఆ బాధలన్నీ పోయాయనుకుంటారు. ఉప్పాడలో సముద్రం రోడ్డు కోసేసిన వీడియో మా గ్రూపులో ఏటా ఇప్పుడే తీసినట్టు వస్తుంది. ఎక్కడో ఉత్తరాదిలో వంతెన కూలితే మా సిద్ధాంతం ఊరి దగ్గరి గోదారి బ్రిడ్జి అని పంపుతారు. ఒకాయన దాని మీద నిలబడే నాకు ఫోన్ చేసి, బ్రిడ్జి పడిపోయిందంట నిజమేనాండీ అన్నాడు. మీరెక్కడున్నారండీ అంటే, బ్రిడ్జి మీదండి అన్నాడు. పడ్డాక చెప్పండి, రాసుకుంటాను అన్నాను.

వేగం పెరిగింది. చిరునామా పోయింది. ఏ ఊరు, ఏ రోజు, ఎవరు చూశారు అన్న మూడు ప్రశ్నలు వేయకుండా వార్త పంపడం గతంలో నేనొక్కణ్ణే చేశాననుకున్నాను. ఇప్పుడు ఊరంతా విలేకరులే, అందరూ టీకొట్టులోనే ఉన్నారు.

సవరణ

నేను రిటైరయ్యాక, మొన్నటి వరదల్లో ఒక పొద్దున్న రూతమ్మ గారు ఫోన్ చేశారు. ఆవిడా రిటైరయ్యారు. మైకు మాత్రం ఆవిడ దగ్గరే ఉంది.

"పేపరు గారూ, టీవీలో గోదారి శాంతించిందంటున్నారండి. ఫోన్లలో కూడా అదే. పశువులన్నీ గట్టు మీదున్నాయి. సత్యానందం గారైతే అప్పుడే పలుపులు విప్పుతున్నాడంట."

"ఎవరూ, ఆ సత్యానందమేనా?"

"ఆయనేనండి. మేత లేదు, దూడలు తడిసిపోతున్నాయంటాడు. ఈసారి పేపరు కాదు కదా, టీవీలో కళ్ళతో చూసేనంటాడు."

"క్యాలెండరు ఏమంటోందండీ?"

"సాయంత్రానికి ఐదో మెట్టు. పౌర్ణమి కూడానండి."

"మరి మైకులో చెప్పండి!"



"నా మాట వింటారాండీ? ఒకసారి ముంచేసేను కదా."

"మీరు ముంచడమేంటండీ, మీరు చదివేరంతే."

"ఆ మాట మీరు ఎవరికీ చెప్పలేదు కదండీ."

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ పూట రాలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ నాకు ఫోన్ చేసి అడుగులు అడిగారు, మెట్లు చెప్పారు, కాగితం చేసిచ్చారు. ఆ వాక్యం ఎవరు రాశారని మాత్రం మళ్ళీ ఒక్కసారీ అడగలేదు. తెలియక అనుకున్నాను. తెలిసే ఊరుకున్నారు.

"ఫోను మైకు దగ్గర పెట్టండి," అన్నాను.

గర్రుమని ఒక శబ్దం వచ్చింది. అవతల వాన వినిపిస్తోంది. నా గొంతు నాకే గట్టు మీదనుంచి తిరిగొస్తోంది.

"రేవులంకవాళ్ళకీ గట్టు మీదున్నవాళ్ళకీ నమస్కారమండి. నేను పేపరాయన్ని. ఆ ఏడాది మీరు ఊపిరి పీల్చుకున్నారని రాసింది డెస్కు కాదండి, నేనే. లంకకి రాకుండా టీకొట్టులో కూర్చుని రాసేను. రూతమ్మ గారు నా మాట నమ్మి చదివేరు. ఆవిడ తప్పు లేదు. ఇవాళ టీవీలో తగ్గింది రాజమండ్రి గోదారండి. మనది ఇంకా దార్లో ఉంది. సాయంత్రానికి ఐదో మెట్టు. ఇది ఆవిడ లెక్క. సత్యానందం గారూ, పలుపులు కట్టేయండి."

ఫోన్ ఆగిపోయింది.  ఆ రోజంతా టీవీ పెట్టలేదు. అందులో మా ఊరు ఉండదని నాకన్నా బాగా తెలిసినవాడు లేడు. లంకవైపు ఎవరికి చేసినా ఫోన్ కలవలేదు.

చీకటి పడుతుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వెనక దూడలు అరుస్తున్నాయి.

"సత్యానందాన్నండి. ఐదో మెట్టు మునిగింది. గొడ్లు గట్టు మీదే ఉన్నాయి."

"మంచిదండి," అన్నాను. 

"ఊరుకోండమ్మా అన్నా వినకుండా టీచరు గారు మైకు వదలట్లేదండి. గంటకోసారి మెట్టు చెబుతున్నారు," అన్నాడు. మళ్ళీ తనే, "ఆయ్, అంతా బాగుంది గానీండి, మీ పేపర్లో సవరణ మరీ ఇంత ఆలస్యంగా వేస్తారేంటండీ?" అన్నాడు.